నీ మబ్బులమ్మ కథ చదివాను

చెల్లీ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున చర్చిలో పిల్లలకి నువ్వు కల్పించి రాసిన మబ్బులమ్మ కథ చదివాను. ఆ దేవతకి మిరప రైతులు తొలిపండు ఆకాశంలోకి విసురుతారనీ, కొండవాళ్లు పేరెత్తడానికే జంకుతారనీ, తుఫానొస్తే బెస్తవాళ్లు మాత్రం ఎడాపెడా తిడతారనీ రాశావే, అక్కడ ఒకటే నవ్వులు.

సంఘపెద్ద లేచాడు. "ఏం బ్రదరూ, అన్యదేవతని పొగిడే నోరేనా నీది? ఆ నోటుబుక్కు పొయ్యిలో పెట్టు!"

"కథండీ. ప్రభువు ఉపమానాలు చెప్పలేదా?" అంటూ బైబిలు తెరిచాను.

"మళ్లీ చదివావో, ఇక్కడ నీ ప్రసంగాలు బంద్!"

పొయ్యిలో పెట్టమని నీతో మొదట అన్నవాణ్ణి నేనే. ప్రసంగాలు పోతే పోనీ. మిగతా కథ మిరప కల్లంలో, తాలుకాయలు ఏరే ఆడవాళ్ల మధ్య కూర్చుని చదువుతాను. నువ్వు వినమన్నప్పుడు ఒక్క పేజీ విననివాణ్ణి, చివరి పేజీదాకా గొంతెత్తి చదువుతాను.

నీ అన్న