ఎత్తు హ్యాండిల్

ఆదివారం, జూన్ 1984

వికారాబాద్‌లో మెకానిక్ ఖాజాభాయ్ నా రేసు బండికి ఎత్తు హ్యాండిల్ బిగించాడు. దాని కింద ఇనప దిమ్మెలు పెట్టి, క్లచ్ వైరు పొడుగుది వేశాడు. నడుం నొప్పి పోయింది. ఇన్నాళ్లూ నేను వంగి నడుపుతుంటే, వెనక నుంచి నా తల మీదుగా రోడ్డు చూసేది నా భార్య సుజాత. ఏదైనా ఎదురొస్తే భుజం తట్టేది.

ఇవాళ ఇద్దరం తిరిగొస్తుంటే తాండూరు దగ్గర సన్న రోడ్డు మీద బండల లారీ ఎదురైంది. ఆమె తట్టలేదు. ఆఖరి క్షణంలో బ్రేకు తొక్కాను.

"తట్టలేదేం?" అని కసిరాను.

"నాకేం కనవడ్తది? ముందటంత నీ వీపేనాయె" అంది సుజాత.

హ్యాండిల్ మళ్లీ దించాలా? నడుం? ఏమీ తోచట్లేదు. ఆ లారీ నాకు దూరం నుంచే కనిపించిందని, అయినా అలవాటుగా ఆమె తడుతుందని చూస్తూ బ్రేకు తొక్కలేదని ఆమెకింకా చెప్పలేదు.