క్లిప్పులు బిగించిన రాడ్డు

జనగామ,
జూలై 2014

బిడ్డా దీపా,

ఆ ఏడు బరువులెత్తే రాడ్డు మానేసి డంబెల్సే తెప్పించి ఉంటే నీ ఎడమ చెయ్యి బాగుండేదా? మూడేళ్లుగా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. నిన్న నీ ఉత్తరం దాన్నే ఇంకోలా అడిగింది: "మేడం, భూపాలపల్లి హాస్టల్ల పనికి చేరిన. పిల్లలు బలం పెంచుకుంటమంటున్రు. రాడ్డో, డంబెల్సో, ఒక్కటే ఇప్పిస్తరట. ఏది దీసుకోమంటరు?"

జవాబు కంటే ముందు చెప్పాల్సింది ఒకటుంది.

నేను ఆటలు నేర్పే మన కాలేజీకీ ఒక్కటే మంజూరైన రోజు నువ్వే అన్నావు: "డంబెల్స్ గాజుల లెక్కుంటయి మేడం, రాడ్డు దెప్పియ్యిండ్రి." నవ్వి తెప్పించాను. నా ఆశ కూడా అదే. పోటీల్లో మెడల్ రాడ్డుకే ఇస్తారు. బరువు ప్లేట్లు జారకుండా రెండు చివర్లా క్లిప్పులు బిగించందే రాడ్డు ముట్టుకోవద్దన్నాను. మరిచినవాళ్లను గ్రౌండు చుట్టూ ఉరికించాను. మీరు పడుకుని ఎత్తుతుంటే తల దగ్గర నేను నిలబడేదాన్ని, ఏ భయమూ లేదు. ఒంటరిగా ఎత్తేవాళ్లు మాత్రం క్లిప్పులు పెట్టరు. చేతులు ఆగిపోతే రాడ్డును పక్కకు వంచి ప్లేట్లు జార్చి బయటపడతారు. ఆ మాట నీకు చెప్పలేదు. నువ్వు ఒంటరిగా ఎత్తే రోజు వస్తుందనుకోలేదు.

సకల జనుల సమ్మెలో ఆ రోజు వచ్చింది. కాలేజీకి తాళం పడింది. బస్సులు బంద్. మానుకోట దగ్గరి మీ తండాకు పోలేక నువ్వు హాస్టల్లోనే ఆగావు. సమ్మె ముగియగానే పోటీలకు సెలెక్షన్లు, సాధన ఆపకూడదు. దీక్షా శిబిరంలో కూర్చున్న నేను కాలేజీ తలుపు తీస్తే నలుగురూ ద్రోహి అంటారని, తాళంచెవి నీ చేతిలో పెట్టి "ఎవ్వరికీ చెప్పకు" అన్నాను. నీ కేక విని వాచ్‌మన్ కట్టయ్య వచ్చి లేపేదాకా రాడ్డు నీ ఎడమ చేతిని నలిపేస్తూ నీ మీదే ఉంది. క్లిప్పులు బిగించే ఉన్నాయి.

దవాఖానలో మీ అమ్మ చంద్రి అడిగింది: "నా బిడ్డ తాళంచెవి దొంగతనం జేసిందంటున్రు. నిజమేనా మేడం?" నువ్వు గోడ వైపు తిరిగి "నేనే దీసుకున్న యాడీ" అన్నావు. ప్రిన్సిపాల్‌కు అంతకుముందే అలా రాసిచ్చింది నేనే. నీ పేరు కాలేజీలో కొట్టేసింది ఆ కాగితం చూసే. అది నీకెవరూ చూపించలేదు.

ఈ రోజు ప్రిన్సిపాల్‌కు ఇంకో కాగితం ఇచ్చాను, తాళంచెవి ఇచ్చింది నేనేనని. నకలు ఇందులో ఉంది. మీ యాడికి చదివి వినిపించు. క్షమించమని అడగను.

ఇక నీ ప్రశ్న. రాడ్డు పట్టినప్పుడు బలమైన చెయ్యి రెండోదాని బరువూ మోసేస్తుంది, బయటికి తెలియనివ్వదు. డంబెల్స్ అయితే ఏ చేతి బరువు ఆ చేతిదే. అలసిపోతే పక్కకు వదిలేయొచ్చు. డంబెల్సే కొను అని రెండుసార్లు రాసి రెండుసార్లూ కొట్టేశాను. మొదటిసారి అరవై కిలోలు నేల మీంచి లేపి నువ్వు నా వైపు చూసిన చూపు అడ్డం వచ్చింది. ఆ పిల్లలకు అది వద్దని ఏ ముఖంతో చెప్పను? కావాలనైనా ఏ ముఖంతో చెప్పను?

ఏది కొనమనాలో నాకు ఇప్పటికీ తేలలేదు దీపా.

నీ
అహల్య