మీ కమ్యూనిటీ ఏంది?

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున నీ సమాధి మీద పూలు పెట్టి, అమీన్‌పూర్‌లో కిరాయికి ఇల్లు చూడటానికి వెళ్లాను. ఓనరు గుమ్మం దగ్గరే ఆపి, "మీ కమ్యూనిటీ ఏంది అన్నా?" అన్నాడు.

ఒళ్లు మండింది. కలిసి బతికేవాళ్లది కమ్యూనిటీ, పుట్టుకతోనే విడదీసేది క్యాస్ట్ అని పటాన్‌చెరు బడిలో నువ్వు గొంతు పోయేలా చెప్పేదానివి.

"క్యాస్ట్ అడుగుతున్నవా?" అన్నాను.

"ఛ, గట్ల అంటరా? మంచిగుండది."

"పటాన్‌చెరు బడిల చెప్పిన మేరీ టీచర్ తమ్ముణ్ణి."

"అరె, మా టీచరే! ఇంగ్లిష్ ఆమె దగ్గరనే నేర్చుకున్న" అని సంబరపడుతూనే తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "ఇల్లు వేరేటోళ్లకు మాటిచ్చినం."

నువ్వు నేర్పిన తేడా వాడు మరిచిపోలేదక్కా. తెలిసే ఆ మంచి మాటను అడ్డం పెట్టుకున్నాడు, వెధవ.