ఫ్యాను మీద నామం

అక్టోబరు 4, 1946. ఆయుధపూజ.

బోటును ఒడ్డుకు లాగించి కడిగించాను. బస్సుకైతే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించేవాళ్లం. దీనికి చక్రాలెక్కడివి? మునిలక్ష్మి కాసేపు ఆలోచించి, బోటు పేరు రాయగా మిగిలిన పెయింటుతో వెనకున్న ప్రొపెల్లర్‌కు నామం పెట్టింది. ఈ శ్రీహరికోటలో దాన్ని ఫ్యాను అంటారు. ఎర్రగీత ఫ్యాను దాటి, దాన్ని తిప్పే ఇనుప కడ్డీ, షాఫ్టు మీదికి కూడా పోయింది. ఆపవచ్చు కదా అన్నాను. తిరుపతిలో పుట్టినదానికి నామం పెట్టడం నేర్పొద్దంది. నెలలు నిండిన కడుపుతో వంగి గీసింది మరి, నా పెళ్లాంతో వాదించేదెవరు?

అక్టోబరు 7.

పులికాట్ సరస్సు నడిమధ్య ఆగింది. ఇంజన్ కాదు, బోటు. థ్రాటిల్ పెంచితే ఇంజన్ ఒకటే అరుపు, బోటు జానెడు కదల్లేదు. పైన కట్టెల లోడు. కార్బురేటర్ విప్పాను, ప్లగ్గులు తుడిచాను. అన్నీ బంగారంలా ఉన్నాయి. స్లో చేస్తే ముసలెద్దులా నడిచింది. అలాగే ఒడ్డు చేరాం.

చుక్కాని పట్టే సరంగు చిన్నబ్బ నాచు చుట్టుకుందన్నాడు. మునిగి తడిమాను. నాచూ లేదు, వలా లేదు. చిత్తూరు రోడ్డు మీద బస్సు తోలి, బాగు చేసి బతికినవాణ్ణి. ఈ పాత డొక్కుకు లొంగుతానా?

అక్టోబరు 9.

మళ్లీ అంతే. ఈసారి బోటు యజమాని షావుకారు గంగాధరం కళ్లారా చూశాడు. ఇంకోసారి ఆగితే ఇంజన్ పీకించి నగరిలో తన రైసుమిల్లుకు బిగిస్తాడట.

పీక్కో అనలేకపోయాను. పాతదైనా సరే ఒక బోటు కొనమని ఆయన ప్రాణం తీసింది నేనే. అంతకుముందు ఇక్కడ నాది కట్టెలు కోసే రంపం ఇంజన్ పని. మా మొదటి బిడ్డ తెరచాప పడవలో పుట్టింది. ఆస్పత్రి అవతల సూళ్లూరుపేటలో, మేము నీళ్ల నడుమ, గాలి పడిపోయి. బిడ్డ ఏడవలేదు. మునిలక్ష్మి ఆ మాట ఎత్తదు. నేనూ ఎత్తను.

అక్టోబరు 11. ఉదయం.

పళ్లు తోముకుంటుంటే తట్టింది. పూతలపట్టు దగ్గర ఒకసారి బస్సుకు యాక్సిల్ విరిగింది. అప్పుడూ ఇంతే. ఇంజన్ అరుపు, చక్రం కదలదు. ఇన్నాళ్లూ తల పట్టుకు చూస్తున్నాను, జబ్బేమో తోకలో ఉంది! బోటును మళ్లీ లాగించాలి.

మధ్యాహ్నం.

లాగించాం. నామం రెండు ముక్కలైంది. ఫ్యాను మీది గీత ఒక పక్క, షాఫ్టు మీది గీత ఇంకో పక్క. చిన్నబ్బ చెంపలేసుకున్నాడు. స్వామికి కోపమొచ్చింది, ఇక బోటెక్కేది లేదన్నాడు. కూలీలూ అదే పాట. షావుకారు ఇంజన్ పీకడానికి మనిషిని పంపిస్తానన్నాడు.

నాకు మాత్రం ఎగిరి గంతేయాలనిపించింది. గీసినప్పుడు ఒకే గీత. ఇప్పుడు రెండు. అంటే షాఫ్టు తిరిగింది, ఫ్యాను తిరగలేదు. రెంటినీ కలిపి పట్టే ఇనుప ముక్క, కీ, తెగింది. మెల్లగా పోతే బిగువు మీద నడుస్తుంది, బలం పెడితే జారుతుంది. అరగంట చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

మునిలక్ష్మి నడుం పట్టుకుని వచ్చి చూసింది.

"నామం ఇరిగిందని ఏడుస్తావేంటికి సిన్నబ్బా? యాడ ఇరిగిందో సామి గీత గీసి సూపించినాడు. ఇంక సేసేది మీరే."

గీసింది ఎవరో నేను గుర్తు చేయలేదు. చిన్నబ్బ తలొంచుకున్నాడు. షావుకారు ఆదివారం దాకా గడువిచ్చాడు.

అక్టోబరు 12.

ఆ విరిగిన యాక్సిల్ ముక్క దాచుకున్నందుకు అందరూ నవ్వేవాళ్లు. దాన్నే కోసి ఆకురాయితో కీ అరగదీస్తున్నాను. చేతులు బొబ్బలు.

అక్టోబరు 13. ఆదివారం.

కీ కూర్చుంది. నట్టు బిగించాను. మునిలక్ష్మి నామం మళ్లీ పెట్టింది. గీత షాఫ్టు మీదికి బాగా లాగమన్నాను. ఈసారి పోట్లాడలేదు. ఫుల్ లోడు, ఫుల్ థ్రాటిల్, పోయి వచ్చాం. షావుకారు రైసుమిల్లు మాట ఎత్తలేదు. నేను బాగు చేయలేని ఇంజన్ ఇంకా పుట్టలేదు.

అక్టోబరు 17.

వాన. భయంగా ఉంది.

అక్టోబరు 18.

తెల్లారుతూనే నొప్పులు. ఎదురుగాలి. తెరచాప పడవలన్నీ ఒడ్డునే. చిన్నబ్బ పిలవకముందే వచ్చి చుక్కాని పట్టాడు. సగం దూరం పోయాక మునిలక్ష్మి నా చొక్కా పట్టుకుంది. ఈడనే గదా, అంది. అవును, ఆ రోజు తెరచాప పడవ ఆగింది అక్కడే. థ్రాటిల్ చివరిదాకా నెట్టాను. బోటు దూసుకుపోయింది.

సాయంత్రం.

సూళ్లూరుపేట ఆస్పత్రి. ఆడపిల్ల. రేవుకు వెళ్లి, నడుముల్లోతు నీళ్లలో మునిగి ఫ్యాను చూసి వచ్చాను. గీత ఒక్కటే.

పాప ఏడుస్తోంది. నర్సు ఊరుకోబెట్టబోయింది. ఉండమ్మా, కాసేపు ఏడవనీ అన్నాను.