నాలుగూ పన్నెండుకి సంతకం

17 అక్టోబర్ 2019, గురువారం

ఈ రోజు బొమ్మ రైళ్ళ క్లబ్బులో గ్రాహమ్ నా ఇంజన్‌ని చూపించి ఈ ట్రైను బాగుంది అన్నాడు. ఇంజన్ వేరు, ట్రైను వేరు. గుర్రాన్ని చూసి బండి బాగుందంటామా? అతని దగ్గర నాలుగు వందల బొమ్మ ఇంజన్లున్నాయి. ఒక్కటీ పెట్టెలోంచి బయటికి రాదు, రంగు పోతుందట. నా దగ్గర అరవై ఒకటే. వాటి అసలు ఇంజన్లన్నిట్లోనూ నేను బొగ్గు వేసో, నడిపో ఉన్నాను. నేను పని చెయ్యని ఇంజన్ బొమ్మ నా అల్మరాలోకి రాదు. వాటి వెనకుండే బొగ్గు తొట్లలో పోసింది నిజం బొగ్గు. మా ఆవిడ ఎనిడ్ రోట్లో నూరాను. ఆ సంగతి ఆమె ఇంకా మరిచిపోలేదు.

వచ్చే నెల తొమ్మిదిన ఎగ్జిబిషన్. మేం కట్టిన కోల్డ్ క్లఫ్ స్టేషన్ నమూనా పెడుతున్నాం, 1961లో ఎలా ఉండేదో అలాగే. అందులో సిగ్నల్ క్యాబిన్‌కి నారిస్ హేగ్ పేరు పెడదామని గ్రాహమ్ అన్నాడు. నారిస్ మా క్లబ్బువాడే, ఒకప్పుడు ఆ క్యాబిన్‌లోనే సిగ్నల్‌మన్. మూడు వారాలుగా హాస్పిస్‌లో, చివరి రోజులవాళ్ళని చూసే ఆసుపత్రిలో ఉన్నాడు, ఇక ఇంటికి రాడు. ఆరు చేతులు లేచాయి. నాది లేవలేదు.

18 అక్టోబర్

ఎందుకు లేవలేదో రాసుకుంటాను.

సిగ్నల్ దగ్గర బండి ఆగితే మాకో నియమం ఉండేది. మామూలు రోజుల్లో మూడు నిమిషాలు చూడాలి. పొగమంచయితే ఫైర్‌మన్, అంటే ఇంజన్‌లో బొగ్గు వేసేవాడు, వెంటనే దిగాలి. పట్టాల పక్కన నడిచి క్యాబిన్‌కి పోవాలి. ఏ బండి ఆగిందో సిగ్నల్‌మన్‌కి నోటితో చెప్పాలి. రిజిస్టర్‌లో పేరూ టైమూ రాయాలి. అతను మా వెనక సిగ్నల్ లాగే లివర్‌కి ఇనప తొడుగు వేశాడని కళ్ళారా చూసి మరీ రావాలి. తొడుగుంటే లివర్ కదలదు, వెనక ఇంకో బండి రాదు.

1961 నవంబర్ 22. సాయంత్రం నాలుగు. చెయ్యి చాస్తే వేళ్ళు కనపడని మంచు. మా గూడ్స్ బండి కోల్డ్ క్లఫ్ సిగ్నల్ దగ్గర ఆగింది. డ్రైవర్ హోరేస్, ఫైర్‌మన్‌ని నేను. నాకు ఇరవై రెండేళ్ళు. నాలుగూ పన్నెండుకి వెళ్ళి సంతకం పెట్టాను. అయినా నారిస్ మమ్మల్ని మరిచిపోయి వెనక ప్యాసింజర్‌కి దారిచ్చాడు. మా గార్డు వెనక్కి పరిగెత్తి పట్టాల మీద, చక్రం కింద పేలి డ్రైవర్‌ని హెచ్చరించే టపాకాయలు పెట్టబట్టి, అది నలభై గజాల దూరంలో ఆగింది.

విచారణ తర్వాత నారిస్‌ని సిగ్నల్ పనిలోంచి దించేశారు. పదకొండేళ్ళు ప్లాట్‌ఫారం ఊడ్చాడు. ఊడ్వాల్సిందే.

క్లబ్బులో ఇరవై రెండేళ్ళుగా నేను అతన్ని ఆ బొమ్మ క్యాబిన్ లివర్లు ముట్టనివ్వలేదు. నిజందాంట్లో మరిచినవాడివి బొమ్మదాంట్లో మరిచిపోవని ఏంటి నమ్మకం అని పదిమందిలోనే అన్నాను. నిజమేలేరా ఆర్నాల్డ్, ఉండు, టీ పోస్తా అని నవ్వాడు.

ఆ నవ్వే నాకు పడదు. టీ మాత్రం బాగా పెడతాడు.

24 అక్టోబర్, గురువారం

నారిస్ కూతురు జెనెట్ క్లబ్బుకి వచ్చింది. గోధుమరంగు కాగితంలో చుట్టిన పొట్లం నా చేతికే ఇచ్చింది. క్యాబిన్ పడగొట్టిన రోజు నాన్న తెచ్చి దాచుకున్నాడు, ఎగ్జిబిషన్‌లో పెట్టుకోండన్నాడు అంది. కోల్డ్ క్లఫ్ రిజిస్టరట! ఆ ఏడాదిదేనట!

మీరొకసారి వస్తే బాగుంటుంది అంకుల్, మిమ్మల్నే అడుగుతున్నాడు అంది. మోకాలు బాగాలేదన్నాను. మరి క్లబ్బు మెట్లెక్కారుగా అంది. తండ్రికి తగ్గ కూతురు, నవ్వుతూనే అంటుంది.

25 అక్టోబర్

అద్దాల పెట్టె కొన్నాను. ఆ పేజీ తెరిచి అందులో పెడతాను. పక్కనే నా పేరుతో చీటీ: "సంతకం, ఎ. క్లెగ్, ఫైర్‌మన్, సాయంత్రం 4.12. నియమం తప్పనివాడు." క్యాబిన్‌కి పేరు పెట్టుకోండి మరి, అందరూ చదివాక.

29 అక్టోబర్

ఎనిడ్ కేకు మొదలుపెట్టింది, పార్కిన్ అంటారు దాన్ని. ఇల్లంతా అల్లం. నవంబర్ ఐదున మంటలు వేసి టపాకాయలు కాల్చే పండగ వస్తోందంటే ఏటా రెండు చేస్తుంది. ఒకటి మాకు, ఒకటి నారిస్‌కి. నన్ను చంపబోయినవాడికి యాభై ఎనిమిదేళ్ళుగా కేకులేమిటని ఏటా అడుగుతాను. నీ పని నువ్వు చూసుకో ముసలాయనా అని ఏటా అంటుంది. ఈసారి నా వైపు తిరక్కుండా రెండో కేకుకి పిండి కొలిచింది.

2 నవంబర్, మధ్యాహ్నం 3

పొట్లం విప్పాను.

పేజీ దొరికింది. 4.12. ఎ. క్లెగ్.

నేను ఎడమచేతి వాటం. నా అక్షరాలు ఎదురుగాలికి వాలిన గడ్డిలా వెనక్కి వాలతాయి. బళ్ళో దెబ్బలు తిన్నా మారలేదు. ఈ సంతకం ముందుకి వాలింది. దాని పైనా కిందా ఉన్న వరసలన్నీ అలాగే ముందుకి వాలి ఉన్నాయి. అవన్నీ నారిస్ రాసినవి.

2 నవంబర్, సాయంత్రం 5

పదవి పోయిన మంత్రులు రాసుకున్న ఆత్మకథలు ఓ గది నిండా చదివాను. ఎక్కడ అబద్ధమాడారో పేజీ అంచున పెన్సిలుతో రాసిపెట్టాను. నా అబద్ధం పక్కన అలా రాసేవాడు లేకపోయాడు.

ఆ రోజు హోరేస్ బొగ్గు పార మీద బేకన్, ఉప్పు పంది మాంసం ముక్కలు, వేశాడు. పారని కడిగి ఇంజన్ పొయ్యిలో పెడితే నిమిషంలో చిటపటలాడుతుంది. లోపల వెచ్చగా ఉంది. బయట ఆ మంచు. రెండు ముక్కలు తిని పోతాను అన్నాను. పోయిరా ముందు అన్నాడు హోరేస్, పెద్దగా పట్టుబట్టకుండా. రెండు తిన్నాను. మూడోది కూడా తిన్నాను. అప్పుడు టపాకాయలు పేలాయి.

విచారణలో ఇన్‌స్పెక్టర్ ఈ పుస్తకమే నా ముందు తోశాడు. ఈ సంతకం నీదేనా అన్నాడు. నేను నారిస్ వైపు చూశాను. అతను కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

నాదేనండీ అన్నాను.

3 నవంబర్

ఎనిడ్‌కి చెప్పాను. బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది, ఆపలేదు.

తెలుసు అంది. ఆ సాయంత్రం బూట్లు కూడా విప్పకుండా మెట్ల మీద కూర్చుని ఏడ్చావు, నువ్వే చెప్పావు అంది. మర్నాడు తను నారిస్ దగ్గరికి వెళ్ళిందట. అతను, నేను మరిచిపోయినమాట నిజమే, నా తప్పు ఎలాగూ పోదు, వాడు రాలేదని తేలితే వాడి పనీ పోతుంది, ఇద్దరం మునగడం దేనికి, అందుకే వాడి సంతకం నేనే పెట్టాను, నేను ఒంటివాణ్ణి, నీకు క్రిస్మస్‌కల్లా బిడ్డ పుడుతుందిగా అన్నాడట. ఇంకెప్పుడూ ఈ మాట ఎత్తొద్దన్నాడట. అందుకని ఆమె మాట ఎత్తలేదు, కేకు చేసింది.

నాకెందుకు చెప్పలేదన్నాను. నువ్వే కదయ్యా నాకు చెప్పింది అంది. ఒక ఏడాది సిగ్గుపడ్డావు, రెండో ఏడు ఆ ఊసే లేదు, మూడో ఏటికి అతన్ని తిట్టడం మొదలెట్టావు, అప్పటికి నువ్వు దాన్ని నిజంగానే నమ్ముతున్నావు అంది.

దుంపలు ఉడికాయి. తిన్నాను. రుచి తెలియలేదు.

5 నవంబర్

మంటలు వేశారు. కిటికీలోంచి చూశాను. ప్రతి టపాకాయకీ ఉలిక్కిపడ్డాను.

7 నవంబర్, గురువారం

క్యాబిన్‌కి నారిస్ పేరు పెట్టాలని నేనే అన్నాను. గ్రాహమ్ నోరు తెరుచుకుని చూశాడు. బలపరిచేవారెవరు అని తనే అడిగి తనే చెయ్యెత్తాడు. అతను అంత చెడ్డవాడేం కాదు. ఇంజన్‌ని ట్రైను అంటాడు, అంతే.

పేరు నా చేత్తోనే రాశాను. అక్షరాలు వెనక్కి వాలాయి.

8 నవంబర్

అద్దాల పెట్టెలో చీటీ మార్చాను: "ఈ సంతకం నాది కాదు. ఎ. క్లెగ్."

9 నవంబర్, శనివారం

ఎగ్జిబిషన్‌కి పోలేదు. రెండు బస్సులు మారి హాస్పిస్‌కి వెళ్ళాను. గుమ్మం దగ్గర సందర్శకుల పుస్తకం ఉంది. పేరు రాశాను. టైము 10.20.

నారిస్ కళ్ళు మూసుకుని ఉన్నాడు. మంచం పక్కన నిటారుగా నిలబడి చెప్పాను, నీ సిగ్నల్ దగ్గర గూడ్స్ బండి ఆగి ఉంది, ఫైర్‌మన్ క్లెగ్‌ని అని.

కళ్ళు తెరవలేదు. ఇంత ఆలస్యమేంటిరా అన్నాడు.

బేకన్ తింటూ కూర్చున్నానన్నాను.

నాకో ముక్క తేవాలని తోచలేదా అన్నాడు.

ఎనిడ్ కట్టిచ్చిన పార్కిన్ పొట్లం విప్పాను.