పక్కవాడి భుజం

మే 6

చెవి మెషిన్లు వచ్చాయి. రెండూ చెవి లోపలే ఇమిడిపోతాయి, బయటికి కనపడవు. అందుకే అవే కావాలన్నాను. వంటింట్లోంచి మా ఆవిడ పిలిస్తే మొదటి పిలుపుకే వినిపించింది. చెవిటివాడి ముందు శంఖం ఊది ఊది తన గొంతు పోయిందట. ఇద్దరం నవ్వుకున్నాం.

బ్యాంకులో ఎవరికీ తెలియకూడదని ఆవిడ చేత ఒట్టు వేయించుకున్నాను. తుపాకీ పట్టే గార్డుకి చెవుడని తెలిస్తే ఆ రోజే ఇంటికి పంపుతారు.

మే 19

ఫైరింగ్ టెస్ట్ నోటీసు పెట్టారు. ఏటా ఉండేదే. ఈ ఏడు భయంగా ఉంది.

మే 20

ప్రాక్టీసు మొదలు. చెవులకి మఫ్స్ ఇచ్చారు, పెద్ద హెడ్‌ఫోన్‌లాంటివి. పెట్టుకోగానే లోపల మెషిన్లు కీచుమన్నాయి. పక్కవాళ్ళు విన్నారేమోనని అటూ ఇటూ చూశాను. బాత్రూమ్‌కని వెళ్ళి వాటిని ఆఫ్ చేసి, చెవుల్లోనే ఉంచేశాను. బిరడాల్లా పనికొస్తాయి కదా అనుకున్నాను. ఇంటికొచ్చేసరికి ఎడమ చెవిలో ఒకటే రొద.

మే 22

మెషిన్లు ఇచ్చిన మేడమ్ చెడామడా తిట్టింది. ఆఫ్ చేసిన మెషిన్ బిరడా కాదట. గాలి కోసం దానికో సన్నటి రంధ్రం ఉంటుందట, మోత నేరుగా లోపలికి పోతుందట. ఇలాగే కాలిస్తే ఉన్న కాస్త వినికిడీ ఊడుతుందంది. మెషిన్లు తీసేసి ఎలక్ట్రానిక్ మఫ్స్ పెట్టుకోవాలట. అవి తుపాకీ మోతని ఆపి, మనిషి మాటని పెంచుతాయట. ఆఫీసు వాళ్ళే తెప్పిస్తారు, ఉత్తరం నేను రాసిస్తాను అంది.

ఉత్తరం ఇస్తే ఉద్యోగం ఉంటుందా? చెవి చూసుకుంటే పొట్ట గడవదు. ఉత్తరం తీసుకోకుండానే వచ్చేశాను. తెచ్చి ఆఫీసులో ఇవ్వమని మా ఆవిడ పోరితే ఆవిడ మీద అరిచాను.

మే 27

మెషిన్లు జేబులో వేసుకుని మామూలు మఫ్సే పెట్టుకుంటున్నాను. మోత లేదు, మాటా లేదు. ఫైరింగ్ మాస్టర్ విజిల్ ఊదితే కాల్పులు ఆపాలి. ఒకప్పుడు చీమ చిటుక్కుమన్నా వినపడే చెవులు నావి. ఇప్పుడు ఆ విజిలే తెలియడం లేదు.

ఉపాయం దొరికింది. పక్క లైన్‌లో గోడౌన్ గార్డు ఉంటాడు, అందరూ బుంగమీసం అంటారు. అతని భుజం దిగితే నేనూ దించుతాను. ఎత్తితే ఎత్తుతాను. మాస్టర్ నాకు బొటనవేలు ఎత్తి చూపించాడు కూడా. బుంగమీసం ఎప్పుడూ నా వైపే చూస్తుంటాడు. నేను నవ్వితే నవ్వుతాడు. మంచివాడు.

జూన్ 9

మాస్టర్ చనిపోయాడు.

జూన్ 10

జరిగింది జరిగినట్టు రాస్తాను.

చివరి బ్యాచ్‌లో నేనూ బుంగమీసమూ, మేమిద్దరమే. మిగతావాళ్ళు భోజనాలకి వెళ్ళిపోయారు. ఒక గురి బోర్డు ఒరిగిపోతే నిలబెట్టడానికి మాస్టర్ పక్క గోడ వెనక నుంచి నడిచి వెళ్ళాడు. నేను తల వంచుకుని తూటాలు నింపుతున్నాను, ఆయన వెళ్ళడం చూడలేదు. తలెత్తేసరికి బుంగమీసం భుజం పైకి లేస్తోంది. నేనూ ఎత్తాను. గురి మీద కన్ను పెట్టినవాడికి నల్ల చుక్క తప్ప ఇంకేమీ కనపడదు. ఇద్దరం కాల్చాం. ఆయన అప్పుడే గోడ దాటి బోర్డు ముందుకి వచ్చాడు.

ఎవరి తూటానో ఇంకా తేలలేదు. పరిగెత్తుకుంటూ వెళ్ళి చూస్తే విజిల్ ఆయన పళ్ళ మధ్యే ఉంది.

జూన్ 13

బుంగమీసం వచ్చాడు. గేటు దగ్గరే నిలబడ్డాడు. నేను మాట్లాడుతుంటే నా కళ్ళలోకి చూడడం లేదు, పెదవులకేసి చూస్తున్నాడు. నీక్కూడానా అని అడిగాను. భోరుమన్నాడు. ఇన్నేళ్ళూ గోడౌన్ మోటార్ల పక్కన నిలబడి వినికిడి పోగొట్టుకున్నాడట. ఫైరింగ్ రేంజ్‌లో నా భుజం చూసే నెట్టుకొచ్చాడట. ఆ రోజు తూటాలు నింపుతూ నా భుజం కదిలితే, ఎత్తాననుకుని తానూ ఎత్తాడట.

దొందూ దొందే. మధ్యలో ఒక మనిషి పోయాడు.

రేపు ఎంక్వైరీలో విజిల్ ఊదలేదనే చెబుదామన్నాడు. మనం వినలేదు కాబట్టి అబద్ధం కాదట. చచ్చిపోయినాయనకి ఉద్యోగం పోయేదేముంది అన్నాడు. సరే అన్నాను. నా మీద నాకే అసహ్యంగా ఉంది.

జూన్ 14, ఎంక్వైరీ గది బయట

మాస్టర్ భార్య ఎదురు బెంచీ మీద కూర్చుంది. నాకు నమస్కారం పెట్టింది. విజిల్ వేయగానే ఆగే మనిషి మీరేనట కదా, మా ఆయన ఇంట్లో చెప్పేవారు అంది.

జూన్ 14, సాయంత్రం

ఇద్దర్నీ కలిపే పిలిచారు. ముందు నన్నడిగారు. ఆయన ఊదే ఉంటాడు, నాకే చెవుడు అన్నాను. మెషిన్లు రెండూ పీకి బల్ల మీద పెట్టాను.

ఆ తర్వాత వాళ్ళేమన్నారో నాకు తెలియదు. బుంగమీసం నా భుజం కేసే చూస్తున్నాడు.