ఒక సీసా తేనె, మూడు రిపోర్టులు

పరీక్షల మేడమ్ గారికి,
తేనెపెట్టెల ముసలాయన నమస్కారాలు.
సీసా అందిందా అని నాలుగు ఉత్తరాలు రాశాను. విసుక్కోకండి. రిపోర్టు వచ్చింది. నా తేనెలో మెంథాల్ ఉందన్నారు. అదేమిటని మనవరాలిని అడిగితే పుదీనా ఘాటు అంది. మా చుట్టుపక్కల పుదీనా లేదమ్మా. నేను కలపలేదు. నలభై ఏళ్లలో నన్నెవరూ మాట అనలేదు. నెలాఖరులోగా మంచి తేనె అని మీ కాగితం రాకపోతే తేనె సంఘంవాళ్లు నా పెట్టెలు తీసేయమంటారు. ఇంకోసారి చూడండి.
ఇట్లు, ముసలాయన
తా.క. ఈగలను కూడా అడిగాను. కుట్టాయి.

పెద్దాయన గారికి,
నమస్తే. మీ అయిదో ఉత్తరం యంత్రం ముందు కూర్చునే చదివాను. పొరపాటుకు చోటు లేదండీ. తేనెను నీళ్లలో కలిపి సన్నటి గొట్టంలోకి ఎక్కిస్తాం. అందులోని పదార్థాలు విడిపోయి, ఒక్కోటి తన నిమిషానికి తాను బయటికొస్తాయి. ఆ చుక్కను గాల్లోనే వేడిగా ఊది, బరువు చూసే యంత్రం నోట్లోకి నెడతాం. నోరు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కొత్త పద్ధతి. మళ్లీ చూశాను. మెంథాల్ రెట్టింపు ఉంది. రిపోర్టు జత చేశాను.
పరీక్షల అధికారి
తా.క. ఈగల వాంగ్మూలం మేం తీసుకోం.

మేడమ్ గారికి,
నమస్కారం. నేను పంపింది ఒకే సీసా. మూత బిగించి పంపాను. మూత వేసిన సీసాలో మెంథాల్ ఎలా పెరుగుతుందమ్మా? పిల్లలు పెడుతోందా? ఇంకోసారి చూడండి.
ముసలాయన
తా.క. మా ఆవిడకు జలుబు. పెట్టెల దగ్గర తుమ్మితే అదీ మీ యంత్రంలో పడుతుందేమోనని పక్కవీధిలో కూర్చుంది.

పెద్దాయన గారికి,
చూశాను. ఇప్పుడు నాలుగింతలు! మూడో రిపోర్టు ఇదిగో. యంత్రానికి మీమీద పగ లేదు. నాకూ లేదు, నిన్నటిదాకా. మీ ఉత్తరం విప్పితే చాలు, తల పగిలిపోతోంది.
పరీక్షల అధికారి
తా.క. 'ఇంకోసారి' అన్న మాట ఇక రాయకండి.

మేడమ్ గారికి,
నమస్కారం. ఆ మాట రాయను. మూడు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకున్నాను. మెంథాల్ మొదటిదాంట్లో నాలుగో నిమిషం. రెండోదాంట్లో తొమ్మిది. మూడోదాంట్లో రెండు. తేనెలోదైతే తన నిమిషానికే రావాలి కదా, మీరే రాశారు. యంత్రం నోరు తెరిచే ఉంటుందనీ మీరే రాశారు. తప్పుగా అనుకోకండి. ఉత్త నీళ్లు పెట్టి చూస్తారా?
ముసలాయన
తా.క. మీ తలనొప్పికి తేనె పంపుదామనుకున్నాను. దాన్నీ పరీక్ష చేస్తారని మానేశాను.

పెద్దాయన గారికి,
నమస్కారాలు. నీళ్లు పెట్టాను. యంత్రం గీసే గీత చదునుగా పోతోంది. నేనే గెలిచానని నవ్వుకున్నాను. ఆరో నిమిషంలో అటెండరు 'నీళ్లు పెట్టారా' అని మీరు రాసిన ఇంకో ఉత్తరం తెచ్చి చేతిలో పెట్టాడు. మీ చేతిరాత చూడగానే కణతలు లాగాయి. అలవాటుగా సొరుగులోంచి తలనొప్పి బామ్ తీసి, యంత్రం ముందే రాసుకున్నాను. ఏడో నిమిషంలో మెంథాల్ గీత కాగితం దాటిపోయింది. నీళ్లలో! మీ ఉత్తరం విప్పిన ప్రతిసారీ జరిగింది ఇదే. ఉత్తరాలు పెరిగాయి, బామ్ పెరిగింది. మీ తేనె శుభ్రంగా ఉంది. కాగితం జత చేశాను. క్షమించండి.
పరీక్షల అధికారి
తా.క. ఆ కాగితం కూడా బామ్ వాసన కొడుతోంది. సంఘంవాళ్లకు జిరాక్స్ ఇవ్వండి. అందిందని మాత్రం నాకు ఉత్తరం రాయకండి.